తేట నీళ్ళు

సంధ్యకు కాలు ఒక్కచోట నిలవదని ఊరంతటికీ తెలుసు. ఆశా వర్కరుగా చేరిన ఈ తొమ్మిదేళ్ళలో ఆమె కూర్చుని చాయ్ తాగగా చూసినవాళ్ళు లేరు. గ్లాసు పట్టుకుని గడప దగ్గరే నిలబడి, మొదటి గుక్కకు బాలింత సంగతి, రెండో గుక్కకు ముసలాయన బీపీ గోలీల సంగతి అడిగేసి, మూడో గుక్కకు పక్కింట్లో తేలేది. అసలే అటువంటి మనిషి, ఈ నెలన్నరగా మరీ ఆగమాగమైపోయింది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి చూస్తోంది. ఏదో మరిచిపోయినట్టు సంచిలో చెయ్యి పెట్టి, ఏం వెతుకుతోందో తెలియక మళ్ళీ తీసేస్తోంది. ఇంతా చేసి ఇది ఎవరో తెచ్చిపెట్టిన ఫికర్ కాదు, తాను కోరి తలకెత్తుకున్నదే.

ఆ ఊరు చిట్యాల నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి, వాలు మీద ఉంటుంది. మీద మగ్గాల వాడ, కింద సీయోను కాలనీ. వాడలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు చీరల నూలుకు రంగు అద్దుతారు. అందులో సంధ్య అత్తగారిల్లు ఒకటి. అద్దకం నీళ్ళన్నీ కాలువలో పడి, వాలు దిగి, కాలనీ ముందు నుంచి పోయి కుంటలో కలుస్తాయి. కాలనీ ముందు తూము కూలి మూడేళ్ళయింది. బాగుచేస్తామని ముగ్గురు నాయకులు మాటిచ్చారు కాబట్టి అది అలాగే ఉంది. నీళ్ళు బాట మీద చీలమండల లోతున పరుచుకుంటాయి. కాలనీ పిల్లలు బడికి పోవాలన్నా, ఇంటికి రావాలన్నా ఆ నీళ్ళలో నుంచే. ఒకరోజు ఎర్రవి, ఒకరోజు నీలివి, ఇంకోరోజు నల్లవి.

"మా పిల్లల కాళ్ళు చూస్తె చాలు, మీ వాడల ఏ రంగు చీర నేస్తున్నరో చెప్పొచ్చు" అనేది జానమ్మ. ఆమె కాలనీలో పత్తి కూలికి పోయే మనిషి. కోడలు కరుణ చిట్యాలలో కంపెనీ పనికి పోతుంది కాబట్టి ఏడేళ్ళ మనవరాలు గ్లోరీని సాకేది ఆమే. గ్లోరీ పుట్టింది 108 బండిలో, సంధ్య చేతుల్లో. అందుకని జానమ్మ ఏం చెప్పినా నవ్వుతూ చెప్పేది. సంధ్యకు మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది. ఆ నీళ్ళలో తన ఇంటి నీళ్ళు కూడా ఉన్నాయి మరి.

అటువంటప్పుడు జిల్లా నుంచి నరేశ్ సార్ వచ్చాడు. చేనేత ఊళ్ళకు ఉమ్మడి అద్దకం షెడ్డు కట్టించే పథకం ఆయన చేతిలో ఉంది. ఊరి బయట షెడ్డు, పొగ పైకి పోయే గొట్టం, వాడిన నీళ్ళను శుద్ధి చేసే ట్యాంకులు. మొదటి విడతలో ఒక్క ఊరికే ఇస్తారు. ఇచ్చిన తర్వాత దాన్ని గొడ్లకొట్టం చేసుకోరని నమ్మకం ఏమిటి? అందుకని ఒక షరతు పెట్టాడు. ముందు ఊరువాళ్ళు నలభై అయిదు రోజుల పాటు కాలువను శుభ్రంగా ఉంచి చూపించాలి.

"శుభ్రం అంటె ఎట్ల కొలుస్తం సార్?" అని గ్రామసభలో ఎవరో అడిగారు. సీసాలో పట్టి హైదరాబాద్ పంపిస్తే కాగితం తిరిగి రావడానికి నెల పడుతుంది. అందరూ మొహాలు చూసుకుంటుంటే సంధ్య లేచింది. "రంగు సార్. కాలువల రంగు నీళ్ళు కనపడొద్దు. గంతే. ముసలోళ్ళు చూసినా తెలుస్తది, చిన్నపిల్లలు చూసినా తెలుస్తది" అంది.

నరేశ్ సార్‌కు ఆ మాట తెగ నచ్చింది. ప్రతి ఇంటి పెరట్లో ఒక గుంత తవ్వాలి, రంగు నీళ్ళు అందులోనే పోయాలి, కాలువలో రంగు నీళ్ళు పోయరాదు. ఇది నిలబడితే జిల్లాలో మరో పద్దెనిమిది ఊళ్ళలో ఇదే రూలు పెట్టిస్తానన్నాడు. తీర్మానం కాగితం సంధ్యనే రాయమన్నారు. దస్తూరీ బాగుండాలని ఆమె మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది ఇచ్చింది. తర్వాత వారం రోజులు గిన్నెలు తోముతూ కూడా పద్దెనిమిది, పద్దెనిమిది అనుకునేది. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయిన మనిషి, తాను చెప్పిన మాట పద్దెనిమిది ఊళ్ళకు రూలవుతుందంటే ఆ మాత్రం పొంగిపోకుండా ఎలా ఉంటుంది?

పైగా ఆ షెడ్డు ఇంట్లోకే కావాలి. అత్త వెంకటనర్సమ్మ నలభై ఏళ్ళుగా రంగు తొట్లమీద వంగి పనిచేస్తోంది. మూడేళ్ళుగా దగ్గు. మందు ఆవిరికి దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు దక్కవని నల్లగొండ డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. దూరంగా ఉంటే చీరకు రంగెవరు వేస్తారు? సంధ్య మొగుడు దినేశ్ నేత నేస్తాడు కానీ రంగు కలపడం తల్లికే తెలుసు. గొట్టమున్న షెడ్డు వస్తే ఆమె ఇంకో పదేళ్ళు బతుకుతుందని ఇంట్లో అందరూ పైకి అనకుండానే లెక్కేసుకున్నారు.

రూలు పెట్టిన వారానికే కాలువ తేటపడింది. ఊరే నమ్మలేకపోయింది. తరతరాలుగా రంగులు పారిన కాలువలో ఇప్పుడు అడుగున ఇసుక కనిపిస్తోంది. పనిలేనివాళ్ళు కూడా వచ్చి తూము దగ్గర నిలబడి చూసి పోయారు. అందరికంటే ఎక్కువసార్లు చూసింది సంధ్యే. ఆమె మనసు మాత్రం కుదుటపడలేదు. అందుకు కారణం ఆమె రిజిస్టరులో ఉంది.

కాలనీ పిల్లల కాళ్ళకు పుండ్లు అంతకుముందు నెల నలుగురికి. కాలువ తేటపడిన నెలలో పదకొండు మందికి. వేళ్ళ సందుల్లో పాచిపోయినట్టు తెల్లబడి, తర్వాత ఎర్రగా చిట్లి, నడిస్తే మంట. ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. సబ్బు మార్పించింది. బోరు నీళ్ళు పరీక్షకు పంపింది. పల్లె దవాఖాన డాక్టరు దగ్గరికి ముగ్గురిని తీసుకుపోతే ఆయన అలర్జీ అని ట్యూబులు రాశాడు. ట్యూబు రాసిన కాళ్ళతోనే పిల్లలు మళ్ళీ బడికి పోయి, మళ్ళీ పుండ్లతో వచ్చారు. కాలువ బాగుపడితే కాళ్ళు బాగుపడాలి కదా? ఈ ప్రశ్న పట్టుకుని ఆమె ఊరంతా తిరిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు, ఆమె దగ్గరా లేదు.

నలభై రెండో రోజు, సోమవారం. పొద్దు వాలే వేళ కాలనీకి పోయేసరికి గ్లోరీ గడపలో కూర్చుని కాళ్ళు చాపుకుని మురిసిపోతోంది. పాదాల అంచులంతా ఎర్రగా ఉన్నాయి. సంధ్య సంచి కింద పడేసి వంగింది.

"జానక్కా, ఏందిది, గింత రక్తం?"

"రక్తం గాదు చెల్లె, పసుపు. పొద్దుగాల పుండ్లకు పసుపు రాసి తోలిన. బడికెళ్ళి వచ్చెవరకు గిట్ల పారాణి లెక్క ఐతాంది. మూడు దినాల సంది చూస్తున్న. ఈ పోరికేమో పెండ్లిపిల్లైనట్టు సంబురం."

"నేను పెండ్లిపిల్లనే ఆంటీ" అంది గ్లోరీ. అంటూనే బొటనవేలు కదిపి నొప్పికి మొహం చిట్లించింది.

సంధ్య ఆ పాదం మీద వేలు పెట్టి చూసింది. నిజంగానే రక్తం కాదు. పసుపు ఎర్రబడటం ఆడవాళ్ళెవరికి తెలియదు? పెళ్ళికి పారాణి కలిపినా, పసిపిల్లకు దిష్టి తీసే ఎర్రనీళ్ళు కలిపినా పసుపులో సున్నమే వేస్తారు. సున్నం గానీ, సోడా గానీ తగిలితే పసుపు ఎర్రబడుతుంది. తేటగా పారే కాలువలో సున్నం ఎక్కడిది?

జానమ్మ ఇంట్లో చిటికెడు పసుపు అడిగి కాగితంలో పొట్లం కట్టుకుని, ఎందుకని అడిగినా ఆగకుండా, సంధ్య కాలువ వెంట మీదికి నడిచింది. దోసిట్లో నీళ్ళు పట్టి పసుపు రాల్చింది. ఎర్రబడ్డాయి. ఇంకో ఇరవై గజాలు పోయి మళ్ళీ చూసింది. ఇంకా ఎర్రగా. వాడకు పైన, అద్దకం ఇళ్ళు మొదలుకాని చోట చూస్తే పసుపు పసుపుగానే ఉంది. చేతులు చుర్రుమంటున్నాయి. చీరకు తుడుచుకుంటూ తన ఇంటి పెరట్లోకి వచ్చేసరికి వెంకటనర్సమ్మ ఎర్ర తొట్టిలోని నీళ్ళు బకెట్లతో మోసి గుంతలో పోస్తోంది. దగ్గుతూ, ఆగుతూ, ఒక్క చుక్క కింద పడకుండా పోస్తోంది. తర్వాత ఇంకో తొట్టి దగ్గరికి పోయి, నడుం మీద చెయ్యేసుకుని, దాన్ని కాలువలోకి ఒంపేసింది.

"అత్తమ్మా, గదేంది?"

"మొదటి తొట్టి. తేట నీళ్ళు."

"కాస్టిక్ సోడా నీళ్ళు గద అవి?"

"అవును, రంగు పట్టనీకె నూలు నానవెట్టినయి. గండ్ల రంగు యాడున్నది పిల్లా? జర చూడు. నువ్వు రాసిన కాయితంల రంగు నీళ్ళనే ఉన్నది."

ముసలమ్మ అబద్ధం ఆడలేదు, రూలు తప్పలేదు. అద్దకంవాళ్ళకు మురికి అంటే మరక. ఎర్ర తొట్టి చుక్క తెల్ల నూలు మీద పడితే చీరంతా పాడు. కాబట్టి వాళ్ళు చచ్చేంతగా భయపడేది రంగుకే. మొదటి తొట్టి దేనికీ మరక అంటించదు. అది నీళ్ళ లెక్కలోనే పోతుంది. చేతులు కాయలు కాచి చర్మం మొద్దుబారిన వాళ్ళకు దాని మంట కూడా తెలియదు. సంధ్య కూడా ఆ ఇంటికి కోడలై వచ్చి పద్నాలుగేళ్ళు. ఆ కాగితం మీద రంగు నీళ్ళు అని రాసినప్పుడు ఆమెకూ ఆ తొట్టి గుర్తుకు రాలేదు.

"ఇంతకుముందు గూడ గిట్లనే పోసెటోళ్ళా?"

"పోసెటోళ్ళం. గప్పుడు దీని ఎనుకనే నూలు జాడించిన నీళ్ళు పది బిందెలు కాలువల పోతుండె. ఇప్పుడు జాడించిన నీళ్ళకు రంగు ఉన్నది గద, గవన్ని గుంతలకే. గుంత నిండిపోతాంది. అందుకే తేటవి ఇటు పోస్తున్నం. ఎనిమిదిండ్లల్ల గిట్లనే."

సంధ్య తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. కాలువలో పది బిందెలు కలిసి పలచబడే సోడా నీళ్ళు ఇప్పుడు చిక్కగా, ఏ కలుపూ లేకుండా పారుతున్నాయి. ఆ పలచన చేసే నీళ్ళను ఆపించింది తన రూలే. కాలువను అందంగా చేసింది తానే, కాళ్ళను కాల్చింది తానే. అంతకుముందు తెలియక జరిగిన కీడు తక్కువ, మంచి చేయబోయి తెచ్చిన కీడు ఎక్కువ.

ఇంట్లోకి పోయి దినేశ్‌కు చెప్పింది. మగ్గం మీద అతని చేతులు ఆగాయి. అతను చెడ్డవాడు కాదు. విన్నంతసేపూ తల వంచుకుని విన్నాడు. పెరట్లో తల్లి దగ్గుతుంటే అది ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడాడు.

"గురువారం దాక ఆగు సంధ్యా. మూడు దినాలు. షెడ్డు వస్తె గీ తేట నీళ్ళు గూడ ట్యాంకులకే పోతయి. ఇప్పుడు చెప్తె షెడ్డు పోతది. షెడ్డు పోతె మనం మళ్ళ గిట్లనే పోస్తం, ఆ పిల్లలు మళ్ళ గండ్లనే నడుస్తరు. అమ్మ సంగతి నీకెరికే. జర సోంచాయించు."

ఆమె సోంచాయించింది. ఎటు తిప్పి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు. మిగతా ఏడిళ్ళకు మెల్లగా చెబుదామా అంటే అదీ కుదరదు. గుంతలు నిండి ఉన్నాయి. తేటనీళ్ళు గుంతలో పోస్తే రంగు నీళ్ళు పొర్లి కాలువలో పడతాయి. నలభై మూడో రోజు కాలువ ఎర్రబడుతుంది. అక్కడికి షెడ్డు కథ ముగిసినట్టే. "సరే" అంది. అన్న మరుక్షణం నుంచి ఆమెకు నిలకడ లేదు.

మంగళవారం పొద్దున్నే కూలిన గోడ రాళ్ళు రెండు తానే దొర్లించుకుంటూ పోయి తూము దగ్గర నీళ్ళలో వేసింది. జానమ్మ పరుగున వచ్చి చెయ్యి సాయం పట్టింది.

"ఇప్పుడు గీ బండలెందుకు చెల్లె?"

"పిల్లలు నీళ్ళు తొక్కొద్దక్కా. బండల మీదికెళ్ళి దాటమను."

"ఎందుకు, ఏమైంది?"

సంధ్య నోటికి వచ్చింది అనేసింది. "దోమలు. నీళ్ళల్ల దోమలు పుడ్తున్నయి."

పారే నీళ్ళలో దోమలు పుట్టవని బడిపిల్లలకు పాఠం చెప్పేది ఈ సంధ్యే. జానమ్మ మాత్రం నమ్మింది. తొమ్మిదేళ్ళుగా సంధ్య చెప్పింది వింటే మంచే జరిగింది, ఇదీ అంతే అనుకుంది. పిల్లలందరినీ పిలిచి "దోమలంట, బండల మీదికెళ్ళి పోండ్రి" అని తానే గట్టిగా చెప్పింది. ఆ మాట తన అబద్ధాన్ని ఇంటింటికీ మోసుకుపోతుంటే సంధ్య సంచి సర్దుకుంటున్నట్టు నటించింది. ఆ రోజు రిజిస్టరులో ఇద్దరు కొత్త పిల్లల పేర్లు ఎక్కాయి. కారణం అనే గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ గడి ఖాళీగా వదిలి పేజీ తిప్పేసింది.

బుధవారం బడి విడిచే వేళకు ఆమె తూము దగ్గరే కాపలా కాద్దామనుకుంది. దారిలో ఎవరో గర్భిణికి నీరసమంటే ఆగాల్సి వచ్చి పది నిమిషాలు ఆలస్యమైంది. వచ్చి చూస్తే బండలు పొడిగా ఉన్నాయి. వాటి పక్కన, నీళ్ళ నడుమ, గ్లోరీ ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో నిలబడి ఉంది. ముగ్గురి కాళ్ళకూ చీలమండల దాకా పసుపు. ఒక పిల్ల తువ్వాలు పందిరిలా పట్టుకుంది. కాళ్ళు ఎర్రబడేదాకా కదలకూడదని పందెం. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పెళ్ళిపిల్ల కదలడం లేదు.

సంధ్య చెప్పులతో సహా నీళ్ళలోకి దిగి ముగ్గురినీ రెక్కలు పట్టి గుంజింది. "ఇంక మంచిగ ఎర్రగ గాలే" అని గ్లోరీ ఏడ్చింది. బోరు దగ్గర కడుగుతుంటే పసుపుతో పాటు మడమ చర్మం చేతికొచ్చింది. అప్పుడు ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు వేరు. జానమ్మ పొలం నుంచి వచ్చి అది చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమైంది చెల్లె? గిదేం రోగం?"

చెప్పాల్సిన క్షణం అదే. సంధ్యకు తెలుసు. నోరు తెరిచింది కూడా. రేపు ఒక్కరోజు అనే మాట లోపల నుంచి వచ్చి అడ్డం పడింది. "దోమలని చెప్పిన గదక్కా" అంది, ఎటో చూస్తూ. మందు రాసి, కట్టు కట్టి, వచ్చేసింది. ఇంటికి వచ్చాక కంచం ముందు కూర్చోలేక లేచి, పెరట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగింది. వెంకటనర్సమ్మ మంచం మీద నుంచి ఆమెనే చూస్తూ పడుకుంది.

గురువారం తెల్లారి సంధ్య తయారవుతుంటే అత్త దగ్గరికి వచ్చింది.

"నిన్న నువ్వు వచ్చినంక నేను కాలనీకి పోయిన. ఆ పిల్ల కాలు చూసిన" అంది. కాసేపు దగ్గింది. "నాకు షెడ్డు అక్కర లేదని గాదు బిడ్డా. కావాలె. శాన కావాలె." పసుపు డబ్బా తెచ్చి సంధ్య సంచిలో పెట్టి, పోయి తొట్ల దగ్గర కూర్చుంది.

పదకొండు గంటలకు నరేశ్ సార్ బండి వచ్చింది. వాడ, కాలనీ రెండూ తూము దగ్గరికి చేరాయి. ఆయన తానే వంగి సీసాలో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూపించాడు. సీసా అవతల ఆయన వేళ్ళు స్పష్టంగా కనిపించాయి. చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీసుకున్నారు. కాగితం మీద సర్పంచ్ సంతకమైంది, సార్ సంతకమైంది. ఆరోగ్యం తరఫున ఆశా సంతకం అని ఇంకో గీత ఉంది. పెన్ను సంధ్య చేతికిచ్చారు. దినేశ్ జనంలో నుంచి ఆమె వంకే చూస్తున్నాడు.

ఆమె పెన్ను మూత పెట్టేసింది. సార్ చేతిలోని సీసా అడిగి తీసుకుని, పసుపు డబ్బా మూత తీసి చిటికెడు వేసి ఊపింది. నీళ్ళు దిష్టి నీళ్ళంత ఎర్రబడ్డాయి. సీసా అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని ఆమె మొత్తం చెప్పింది. మొదటి తొట్టి సంగతి, జాడించిన నీళ్ళ సంగతి, పిల్లల కాళ్ళ సంగతి. మధ్యలో ఆపలేదు.

నరేశ్ సార్ ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మా, రూలు ప్రకారం మీరు పాసయిండ్రు. రూల్ల రంగు అనే ఉన్నది. గీ పసుపు సంగతి నేను ఇంక వినలేదనుకుంట. మీరు సంతకం పెట్టినంక తీరుబాటుగ మాట్లాడుకుందాం" అన్నాడు మెల్లగా. ఆయనా మంచికే అన్నాడు.

"ఆ రూలు నేనే రాసిన సార్. తప్పు రాసిన. రేపు పద్దెనిమిది ఊర్లకు గదే పోతది."

ఆయన సీసా తిరిగి తీసుకున్నాడు. సంతకాలైన కాగితాన్ని మడిచి ఫైలులో పెట్టుకున్నాడు. రూలు మార్చాలని, రంగుకు బదులు పసుపు వేసి చూసే పరీక్ష పెట్టాలని పైకి రాస్తానన్నాడు. గుంతలు కాదు, ముందే ట్యాంకు ఇవ్వాల్సిందని తానే ఒప్పుకున్నాడు. షెడ్డు మాట అడిగితే, వరుసలో ఇంకో ఊరుందని, ఇప్పుడేం చెప్పలేనని అన్నాడు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"మా కడుపు మీద కొట్టినవ్" అంది పక్కింటి శ్రీదేవి, ఆమె ఇంట్లోనూ నాలుగు తొట్లున్నాయి. వాడ జనం ఒక్కొక్కరే మొహం తిప్పుకుని మీదికి నడిచారు. దినేశ్ అందరికంటే ముందే పోయాడు. సంధ్యకు బాధగానే ఉంది కానీ, ఆ బాధ కింద ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది. నెలన్నరలో మొదటిసారి కూర్చోవాలనిపించి తూము గట్టు మీద కూర్చుంది. జానమ్మ గ్లోరీని ఎత్తుకుని ఇటే వస్తోంది. సంధ్య కాస్త జరిగి జాగా ఇచ్చింది. తన చెయ్యి పట్టుకుంటుందని, ఒక మంచి మాట అంటుందని ఎదురు చూసింది. ఆ మాట కోసమే ఇంత పని చేసినట్టు కూడా అనిపించింది.

జానమ్మ కూర్చోలేదు.

"నీకెప్పుడు ఎరుకైంది చెల్లె?"

"సోమవారం."

"సోమవారం" అంది జానమ్మ. "పసుపు అడుక్కపోయినవ్ గద. గప్పుడే."

"గప్పుడే అక్కా."

"నిన్న నువ్వే పిల్లలను నీళ్ళల్లకెళ్ళి గుంజినవ్. నేను అడిగితె దోమలన్నవ్."

సంధ్య చెప్పుకుంటూ పోయింది. ఈ మూడు రోజులూ తిండి లేదని, షెడ్డు పోతుందని, అత్త దగ్గు, సార్‌కు చెప్పాలా వద్దా అని ఎంత నలిగిపోయిందో మొత్తం చెప్పింది. జానమ్మ అడ్డం రాకుండా విన్నది. కోపం కూడా పెద్దగా కనబడలేదు ఆమె మొహంలో. పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"సార్‌కు చెప్పాల్నా వద్దా అని మూడు దినాలు సోంచాయించినవ్. నా చెవుల ఒక్క మాట ఎయ్యకపోతివి. నేను పిల్లను బడికి తోలకపోదును. సార్‌కు ఎరుక గాకపోవు, మీ షెడ్డు గూడ పోకపోవు."

మూడు రోజులుగా సంధ్య ఈ సంగతిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. అందులో సారున్నాడు, దినేశ్ ఉన్నాడు, అత్త ఉంది, పద్దెనిమిది ఊళ్ళున్నాయి. జానమ్మకు చెప్పాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అది ఆమెకు ఇప్పుడే తెలిసింది.

జానమ్మ రవికలో నుంచి ఫోను తీసి, చిట్యాల దవాఖానకు పోవాలె, ఆటో తోలమని ఎవరికో చెప్పింది. ఆ ఇంటి నుంచి తొమ్మిదేళ్ళలో దవాఖానకు పోయిన ప్రతిసారీ ముందు సీటులో సంధ్యే ఉంది. ఆటో వచ్చింది. సంధ్య సంచి భుజానికి వేసుకుని లేచి నిలబడింది. జానమ్మ పిల్లతో వెనక కూర్చుని, డ్రైవరుతో పోనియ్యమంది.